బూజుకర్ర పట్టని కారు

కారు తలుపు తెరవగానే లోపలి గాలి తడిగుడ్డతో మొహం మీద కొట్టినట్టు వచ్చింది. జిగురు మాస్కుని ముక్కు మీదికి ఇంకాస్త లాక్కుంది. అయినా ఆ వాసన ఆగలేదు. నానబెట్టి మరిచిపోయిన బట్టల వాసన, ఎండ మొహం చూడని పరుపు వాసన కలిసి గొంతులోకి దిగాయి.

"ఇది కారా, పుట్టగొడుగుల తోటా?" అన్నాడు నురగ.

నురగ కార్లు శుభ్రం చేసే షాపు నడుపుతాడు. ఎంత చిన్న కారు తెచ్చినా బకెట్టు పొంగేదాకా సబ్బు కలిపితే గానీ చెయ్యి వెయ్యడు కాబట్టి బజారంతా అతన్ని ఆ పేరుతోనే పిలుస్తుంది. జిగురుది వేరే కథ. ఆమె ప్రైవేటు డిటెక్టివ్. పట్టుకుంటే వదలదని పోలీసులు ఆమెకు ఆ పేరు పెట్టారు. వాళ్లు తిట్టుగా పెట్టారు. ఆమె దాన్ని పెద్ద అక్షరాలతో రాయించి తన ఆఫీసు తలుపుకి బోర్డుగా తగిలించుకుంది.

ఈరోజు మాత్రం ఆమె డిటెక్టివ్ కాదు. తలకి టోపీ, మొహానికి మాస్కు, చేతులకి రబ్బరు తొడుగులు వేసుకుని నురగ వెంట వచ్చిన పనిమనిషి. ఈ ఇంటి పళ్ల డాక్టరు తన పాత తెల్లకారుని కడిగించి అమ్మేస్తానని నిన్న నురగకి కబురు పెట్టాడు. ఆ సంగతి తెలియగానే జిగురు పొద్దున్నే నురగ షాపు తలుపు తట్టింది. అతను ముందు కుదరదన్నాడు, తర్వాత ఆలోచిస్తానన్నాడు, ఆఖరికి ఆమె గుమ్మంలోంచి కదలదని అర్థమై ఒక టోపీ ఇచ్చాడు.

కారు కడిగేశాక ఇక చూడ్డానికి ఏమీ మిగలదు. మధ్యాహ్నం దాటితే చూసినా ఉపయోగం ఉండదు. నెల కిందట, వానలు ముదిరిన రోజుల్లో, ఒక బుధవారం సాయంత్రం ఈ ఇల్లున్న సందులోనే సైకిలు మీద వెళ్తున్న పోస్టుమ్యాన్‌ని ఒక బండి రాసుకుంటూ వెళ్లి కాలవలో పడేసింది. ఆయన ఇన్నాళ్లూ ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉండి, పోయిన వారమే కళ్లు తెరిచాడు. అడిగినవాళ్లందరికీ ఒకే మాట చెప్పాడు: తెల్లబండి. ఆ సందులో రోజూ తిరిగే తెల్లబండి రొట్టెల వ్యాను. పోలీసులు దాని డ్రైవరుని పట్టుకెళ్లి లోపల కూర్చోబెట్టారు. ఈ మధ్యాహ్నం కోర్టుకి తీసుకెళ్తారు, అక్కణ్ణించి జైలుకి. అతని భార్య జిగురు దగ్గరికి వచ్చి ఏడవలేదు. "ఆయన కుక్క అడ్డం వచ్చినా బండి దిగి చూస్తాడమ్మా. మనిషిని పడేసి పోతాడా?" అని మాత్రం అడిగింది. ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని జిగురు ఆ సందులో ఇంటింటికీ తిరిగితే, పళ్ల డాక్టరు ఇంటి వెనక రేకుల షెడ్డులో ఇంకో తెల్లబండి కనిపించింది. దాని ఎడమ తలుపు మీద, సైకిలు హ్యాండిల్ తగిలే ఎత్తున, ఒక పొడవాటి గీత కూడా ఉంది.

ఆ సంగతి ఆమె వెంటనే ఇన్‌స్పెక్టరుకి చెప్పింది. ఇన్‌స్పెక్టరు వచ్చాడు, కారు తలుపు తెరిచాడు, ముక్కు మూసుకున్నాడు, తలుపు వేశాడు. గీత పాతదని, గేటు తగిలి పడిందని డాక్టరు చెప్తే తలూపాడు. ఇంత బూజు పట్టిన కారు నెలల తరబడి కదిలి ఉండదని తేల్చి, మొన్న సాయంత్రమే ఫైలు కట్టేశాడు.

అంటే ఇప్పుడు ఈ బూజే డాక్టరుకి సాక్ష్యం. ఆ సాక్ష్యం నోరు ఎలా విప్పించాలా అని జిగురు కారులోకి వంగింది.

స్టీరింగు మీద బూడిదరంగు నూగు. సీట్ల మీద ఆకుపచ్చా నలుపూ కలిసిన వలయాలు, ఒకదాన్నొకటి తోసుకుంటూ. కాళ్ల దగ్గర చాపలైతే తెల్లటి దూది పరిచినట్టున్నాయి. నురగ వాక్యూమ్ క్లీనర్ గొట్టం పట్టుకుని తొందరపడుతున్నాడు. ముందు పొడిగా పీల్చెయ్యాలని, తడి తగిలితే బూజు ఇంకా లోపలికి దిగుతుందని, ఆ తర్వాతే వెనిగర్ నీళ్లు కొట్టి రుద్దాలని, సీట్లు ఊడదీసి ఎండలో పెట్టకపోతే వారంలో మళ్లీ మొలుస్తుందని చెప్పుకుంటూ పోతున్నాడు. జిగురు అతని గొట్టం మీద చెయ్యి వేసి ఆపింది.

"పైకి చూడు," అంది.

నురగ చూశాడు. కారు లోపలి కప్పుకి అతికించిన గుడ్డ ఉతికి ఆరేసిన దుప్పటిలా ఉంది. ఒక్క మరక లేదు. తలుపుల పై అంచుల్లో రబ్బరు పట్టీలు పొడిగా ఉన్నాయి.

జిగురుకి బూజు పట్టిన కారు గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. పోయిన వానల్లో ఆమె సొంత కారే కారింది. పనికిమాలిన డొక్కు కొన్నావని అక్క చేత తిట్లు తింటూ, ఒక వారం రోజులు దాని పొట్టలో కూర్చుని రుద్దింది. ఆ కారులో బూజు పైనుంచి దిగింది. ముందు కప్పు గుడ్డ మూలలో ఒక మచ్చ, అక్కణ్ణించి తలుపు వెంట ఒక చార, చివరికి కింద చాప. వాన ఎటునుంచి వస్తే బూజు అటునుంచే వస్తుంది. ఇక్కడ చూస్తే కప్పు శుభ్రంగా ఉంది, సీట్లు కుళ్లిపోయాయి. పైగా ముందూ వెనకా, కుడీ ఎడమా అంతా సమానంగా, ఎవరో కొలిచి పంచినట్టు.

ఆమె చాప ఎత్తి కింద ఉన్న స్పాంజిని పిండింది. నీళ్లు కారాయి.

"ఇది వాన కాదు," అంది. "పైపు."

నురగ కాసేపు ఆలోచించాడు. సొంత కారుని లోపల్నించి తడుపుకునే పిచ్చివాడు ఎవరుంటారని అడిగాడు. జిగురు అప్పటికే డ్రైవరు సీటు కిందికి టార్చి వేసి మోకాళ్ల మీద కూర్చుంది. సీటు ముందుకీ వెనక్కీ జరిగే ఇనుప పట్టాలు కనిపిస్తున్నాయి. ముందు సగం నిగనిగలాడుతోంది. సీటు కింద దాగిన వెనక సగం మాత్రం తుప్పు పట్టి, దాని మీద బూజు పట్టి ఉంది. ఆమె భుజం ఆనించి సీటుని వెనక్కీ ముందుకీ జరిపి చూసింది. మళ్లీ పట్టాల వైపు చూసింది. లేచి నిలబడి మోకాళ్లు దులుపుకుంది, కానీ ఏం కనిపెట్టిందో నురగకి చెప్పలేదు.

అదే సమయానికి పళ్ల డాక్టరు షెడ్డులోకి వచ్చాడు. ఆరడుగుల మనిషి, షెడ్డు రేకు తగలకుండా తల వంచి నడుస్తాడు. పని ఇంకా మొదలుపెట్టలేదేమని నురగని అడిగాడు. మధ్యాహ్నానికల్లా అయిపోవాలన్నాడు. పనిమనిషి నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. కానీ జిగురుకి నోరు మూసుకోవడం చిన్నప్పటినుంచీ రాదు.

"షెడ్డులో ఉన్న కారులోకి ఇన్ని నీళ్లు ఎలా వచ్చాయి సార్?"

ఎడమవైపు అద్దం కాస్త దించి మర్చిపోయానని, వాన ఏటవాలుగా కొట్టిందని చెప్పాడు డాక్టరు. మరి కుడివైపు సీటు కూడా అంతే తడిసిందేమని ఆమె అడిగింది. డాక్టరు ఆమె మాస్కు పైన కనిపిస్తున్న కళ్లవైపు చూశాడు. రోజంతా మాస్కుల మధ్యే బతికే మనిషి. కళ్లు చూసి మనుషుల్ని గుర్తుపట్టడం ఆయనకి అలవాటు.

"మొన్న గేటు దగ్గరికి వచ్చి నా పేషెంట్లని ప్రశ్నలడిగింది మీరే కదూ," అన్నాడు.

జిగురు మాస్కు తీసేసింది. డాక్టరు ఫోన్ తీశాడు.

*

ఇన్‌స్పెక్టరు జీపు గేటుకి అడ్డంగా వచ్చి ఆగింది. ఆయన దిగిన తీరు చూస్తేనే మొహంలో ఎన్ని తిట్లు సిద్ధంగా ఉన్నాయో తెలుస్తోంది. ఆయన జిగురుకి బావ. సొంత అక్క మొగుడు. ఇంట్లో ఇద్దరూ ఒకరినొకరు ఏడిపించుకుంటారు, కేసుల్లో ఒకరి కాలు ఒకరు తొక్కుతారు. ఎక్కడ ఆట ఆగి ఎక్కడ పోట్లాట మొదలవుతుందో వాళ్లకే సరిగ్గా తెలియదు.

"ఏమ్మా మరదలా, ఉద్యోగం మారావా?" అన్నాడు టోపీ వైపు చూసి.

"నువ్వు చెయ్యాల్సిన పని ఎవరో ఒకరు చెయ్యాలి కదా బావా."

డ్యూటీలో ఉన్నప్పుడు బావా గీవా అనొద్దని, ఇన్‌స్పెక్టర్ గారూ అనమని పళ్లు కొరికాడు. అలా కొరికితే అరిగిపోతాయని, పక్కనే డాక్టరు ఉన్నాడు చూపించుకోమని ఆమె అంది. నురగ నవ్వు ఆపుకోవడానికి బకెట్టులోకి తలదూర్చాడు. డాక్టరు మాత్రం నవ్వలేదు.

జిగురు కప్పు గుడ్డ చూపించింది. చాప కింద స్పాంజి పిండి చూపించింది. బావ వంగి చూశాడు, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని ఒప్పుకోనట్టు తల అడ్డంగా ఊపాడు. నీళ్లు ఎలా వచ్చాయన్నది తనకి అక్కర్లేదన్నాడు. బూజు ఎప్పుడు పట్టిందన్నదే లెక్క. పోస్టుమ్యాన్ పడకముందే, వేసవినుంచే ఈ కారుకి బూజు పట్టి ఉందని సాక్ష్యం ఉంది. సాక్ష్యం చెప్పింది డాక్టరు కూడా కాదు, ఆయన అక్క.

"అక్కయ్యగారు అబద్ధం చెప్పే మనిషి కాదు. ఈ పేటలో ఎవర్నైనా అడుగు. వారం వారం బూజు దులిపేదాన్నని నాతో స్వయంగా చెప్పింది. కారు కొత్తగా బూజు పట్టిందంటావు నువ్వు. వేసవినుంచీ దులుపుతున్నానంటుంది ఆవిడ. ఎవరి మాట వినమంటావ్?"

"ఆవిడ మాటే వినమంటాను. నేనూ వింటాను. పద."

డాక్టరు అడ్డం వచ్చాడు. అక్కకి ఒంట్లో బాగాలేదని, ఇప్పటికే ఒకసారి చెప్పింది కదా అని అన్నాడు. ఆయన గొంతులో మొదటిసారి తడబాటు వినిపించింది. బావకి కూడా వినిపించినట్టుంది. ఆగమంటాడనుకున్న మనిషి, సరే ఒక్క రెండు ప్రశ్నలే అన్నాడు.

అక్కయ్యగారు వెనక గదిలో డాక్టరు తెల్లకోట్లు ఇస్త్రీ చేస్తోంది. అరవై దాటిన మనిషి. చిన్నప్పుడే తల్లిదండ్రులు పోతే ఈ తమ్ముణ్ణి పెంచి డాక్టరుని చేసింది ఆవిడే. పేటలో పెద్దా చిన్నా అందరికీ అక్కయ్యగారే. బల్ల ఎత్తు అందక ఒక పీట వేసుకుని దానిమీద నిలబడి ఉంది. జిగురు చూపు ఆ పీట మీద ఒక్క క్షణం ఆగింది.

"అక్కయ్యగారూ, కారుకి బూజు దులిపేవారట."

"దులిపేదాన్ని."

"ఎప్పటినుంచి?"

"వీడు కొత్త కారు కొని దీన్ని షెడ్డులో పడేసిన దగ్గర్నుంచి. ప్రతి గురువారం."

బావ చూశావా అన్నట్టు కనుబొమ్మలు ఎగరేశాడు. జిగురు అది చూడనట్టే నటించింది.

"దేంతో దులిపేవారు?"

అక్కయ్యగారు ఇస్త్రీపెట్టె నిలబెట్టి, ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది. కానీ ఆ చూపులో ఎదురుచూపు కూడా ఉందనిపించింది జిగురుకి. ఎన్నాళ్లుగానో ఎవరైనా అడుగుతారని కూర్చున్న మనిషి చూపు.

"బూజు దేంతో దులుపుతారమ్మా? బూజుకర్రతో."

జిగురు తలుపు వెనక నిలబెట్టి ఉన్న బూజుకర్రని తనే తీసుకుంది. రెండు నిలువుల పొడుగు, చివర గుబురుగా కట్టిన చీపురు. దాన్ని భుజాన వేసుకుని షెడ్డు వైపు నడిచింది. అందరూ వెనకే వచ్చారు. అక్కయ్యగారు కూడా పీట దిగి వచ్చింది.

"బావా, ఇదిగో. దీంతో కారు లోపల బూజు దులిపి చూపించు. నువ్వు దులిపితే నేను ఈ కేసు వదిలేసి సాయంత్రం మీ ఇంటికొచ్చి గిన్నెలు తోముతాను."

బావ రోషానికి పోయాడు. కర్ర తీసుకుని తలుపులోంచి దూర్చాడు. చీపురు వెళ్లి అవతలి తలుపుకి కొట్టుకుంది, పిడి ఇవతల ఇంకా మనిషి ఎత్తున మిగిలింది. ఏటవాలుగా తిప్పబోతే కర్ర ముందు అద్దానికీ సీటుకీ మధ్య ఇరుక్కుంది. లాగితే ఊడొచ్చి నురగ బకెట్టుని దొర్లించింది. నురగ తన నురగంతా నేలపాలైందని మొత్తుకున్నాడు.

"చాలు," అంది జిగురు. "ఇది బూజు పట్టిన కారే, కానీ బూజుకర్ర పట్టని కారు. ఆవిడ దులిపింది సీట్ల మీది బూజు కాదు బావా. సాలెపురుగు బూజు. ఈ పక్క అద్దం దగ్గర్నుంచి ఆ గోడదాకా, ఆ రేకుదాకా అల్లుకునే బూజు. నువ్వు రాసుకుంది ఒకటి, ఆవిడ చెప్పింది ఒకటి."

"రెండూ బూజే కదా," అన్నాడు బావ. గొంతులో ముందున్న బిగువు లేదు.

"రెండూ బూజే. అందుకే ఏ బూజు అని అడగాలి."

అక్కయ్యగారు మెల్లగా అంది, ఎవరితోనూ కాదు, తనలో తను అన్నట్టు. "నేను అబద్ధం చెప్పలేదు నాయనా. నువ్వే అడగలేదు."

"అయితే ఇప్పుడు ఇంకొకటి అడుగుతాను," అంది జిగురు. "పోస్టుమ్యాన్ బుధవారం సాయంత్రం పడ్డాడు. ఆ మర్నాడు గురువారం. ఆరోజు కూడా దులిపారా?"

"అక్కా, నువ్వు లోపలికి వెళ్లు," అన్నాడు డాక్టరు.

ఆవిడ వెళ్లలేదు. జిగురు వైపే చూస్తూ, ఎదురు ప్రశ్న వేసింది. "ఆ రొట్టెల వ్యాను అబ్బాయిని వదిలేశారు కదా?"

జిగురు ఊహించని ప్రశ్న అది. వదల్లేదని, ఈ మధ్యాహ్నం కోర్టుకి, అక్కణ్ణించి జైలుకి పంపుతున్నారని చెప్పింది. చెప్తున్నప్పుడు ఆవిడ మొహం కాదు, డాక్టరు మొహం చూసింది. ఆయన నేల చూస్తున్నాడు.

"వదిలేశారన్నావు," అంది అక్కయ్యగారు తమ్ముడితో. "ఆదివారం వదిలేశారన్నావు. అన్నం తింటూ చెప్పావు."

డాక్టరు నీళ్లు నమిలాడు. అంతా సర్దుకుంటుందనుకున్నానని ఏదో అన్నాడు. ఆవిడ ఆ మాటలు పూర్తిగా వినలేదు. జిగురు వైపు తిరిగి, చాలా స్పష్టంగా, బడిలో పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పింది.

"ఆ గురువారం కర్ర పట్టుకుని వచ్చాను. దులపడానికి బూజు లేదు. ఒక్క పోగు కూడా లేదు."

అంటే ఆ ముందు రోజే ఎవరో కారుని షెడ్డులోంచి తీశారు. కారు కదిలితేనే ఆ పోగులు తెగుతాయి. ఆ మాట జిగురు పైకి అనక్కర్లేకపోయింది. బావ మొహంలోనే అది ఒక్కో అక్షరంగా కనిపించింది.

"నేనే నడిపాను," అన్నాడు డాక్టరు. తల ఎత్తాడు. "వానలో కనిపించలేదు. తగిలింది. భయపడి ఆపలేదు. ఇంటికొచ్చి ఆ రాత్రే పైపు పెట్టి లోపలంతా తడిపాను. ఎవరైనా వచ్చి చూస్తే చచ్చిన కారులా కనిపించాలని. రాసుకోండి. సంతకం పెడతాను."

బావ ఊపిరి పీల్చుకున్నాడు. కేసు తన చేతుల్లోనే తేలినట్టు భుజాలు వెనక్కి విరిచి, పదండి స్టేషనుకి అన్నాడు. జిగురు కారు తలుపుకి అడ్డంగా నిలబడింది.

"ఈయన నడపలేదు బావా."

"ఇప్పుడేగా ఒప్పుకున్నాడు. నీకు కావలసింది ఇదేగా."

"నాకు కావలసింది వ్యాను డ్రైవరు ఇంటికి వెళ్లడం. ఈయన ఒప్పుకున్నది నువ్వు రాసుకుంటావు. రేపు ఈయన లాయరు వచ్చి ఈ సీటు కింద పట్టాలు చూపిస్తాడు. ఈయన్ని తిరిగి ఇంటికి పంపించి, కేసు మళ్లీ ఆ వ్యాను అబ్బాయి మెడకే చుడతారు. వంగి చూడు."

బావ వంగాడు. ఆమె టార్చి పట్టుకుంది. సీటు కప్పి ఉంచిన చోట నీళ్లు తగల్లేదు, బూజు పట్టలేదు. తెరిచి ఉన్న చోట రెండూ పట్టాయి. ఇప్పుడు సీటు వెనక్కి ఉంది, కానీ వెనక పట్టాలే కుళ్లాయి. ముందు పట్టాలు అద్దంలా ఉన్నాయి. పైపు పెట్టిన రాత్రి సీటు పూర్తిగా ముందుకి లాగి ఉంది. అంత ముందుకి లాగితే ఆరడుగుల డాక్టరు మోకాళ్లు స్టీరింగుకి తగిలి, కారు ఎక్కడం మాట అటుంచి, దిగడానికి కూడా ఎవరో సాయం పట్టాలి. బూజు బాగా పెరిగాక ఆయనకి ఆ సంగతి తట్టి సీటు వెనక్కి నెట్టి ఉంటాడు.

"నడిపింది పొట్టి మనిషి," అంది జిగురు. ఆ మనిషి తన పక్కనే, భుజం ఎత్తుకి కూడా రాకుండా నిలబడి ఉంది.

"నేను," అంది అక్కయ్యగారు.

డాక్టరు ఒక్క అంగలో ఆవిడ ముందుకొచ్చాడు. అక్క తనని కాపాడ్డానికి చెప్తోందని, ఆవిడ పుట్టి బుద్ధెరిగి డ్రైవరు సీట్లో కూర్చోలేదని, సైకిలు కూడా తొక్కలేదని బావతో గడగడా చెప్పాడు. బావ ఆవిడవైపు జాలిగా చూశాడు. ఆ జాలే మొత్తం చెడగొట్టింది.

"చూడండి అక్కయ్యగారూ, తమ్ముడి మీద మీ ప్రేమ నాకు తెలుసు. కానీ ఈ వయసులో మీరు కారు నడిపారని నేను రాస్తే కోర్టులో నవ్వుతారు. మీరు వెళ్లి విశ్రాంతి తీసుకోండి."

"ఈ వయసులో," అంది ఆవిడ.

"అయినా ఆ కారు ఇప్పుడు నడవదు," అన్నాడు డాక్టరు. "బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. కావాలంటే చూసుకోండి."

అక్కయ్యగారు నురగ ముందు చెయ్యి చాపింది. నురగ ఒకసారి డాక్టరుని, ఒకసారి ఇన్‌స్పెక్టరుని చూసి, ఎవరూ ఏమీ అనేలోపు, కడగడానికని డాక్టరు ఇచ్చిన తాళంచెవిని ఆవిడ చేతిలో పెట్టేశాడు. తర్వాత అడిగితే, ఆవిడ చెయ్యి చాపితే ఇవ్వకుండా ఎలా ఉంటామని అన్నాడు.

ఆవిడ కారెక్కింది. మాస్కు లేదు, తొడుగులు లేవు. చీరకొంగు నడుముకి బిగించి ఆ కుళ్లిన సీటు మీద కూర్చుంది. కూర్చోగానే ఎడమచెయ్యి, చూడకుండానే, సీటు కింద మీటని వెతికి పట్టుకుంది. సీటు ముందుకి జారి, ఆగాల్సిన చోట టక్కున ఆగింది.

"అక్కా, దిగు," అన్నాడు డాక్టరు. "నేను చూసుకుంటానన్నాను కదా. నేను వెళ్తాను."

"నువ్వు చూసుకుంది చాలు నాన్నా. నీ కోసం నోరు మూసుకున్నాను. పరాయివాడి కొడుకు నా బదులు జైలుకెళ్తుంటే మూసుకోను."

తాళంచెవి తిప్పింది. మొదటి తిప్పుకే ఇంజను అందుకుంది.

షెడ్డు రేకులు దడదడలాడాయి. కారు లోపల్నించి బూజు దుమ్ము బూడిదలా లేచింది. ఆవిడ దగ్గింది, కళ్లు తుడుచుకుంది, అద్దాలన్నీ కిందికి దించింది. డాక్టరు పరిగెత్తి వెళ్లి కారు వెనక నిలబడ్డాడు. చేతులు రెండూ చాచి, ఆరడుగుల మనిషి, చిన్నపిల్లాడిలా.

ఆవిడ పక్క అద్దంలోకి చూసింది. రెండోవైపు అద్దంలోకీ చూసింది. తర్వాత హారన్ కొట్టింది. ఒకసారి పొట్టిగా. కదలకపోతే ఇంకోసారి పొడుగ్గా. ఆ రెండో హారన్‌కి డాక్టరు చేతులు దిగిపోయాయి. పక్కకి జరిగి గోడకి ఆనుకున్నాడు.

కారు నెమ్మదిగా వెనక్కి వచ్చింది. షెడ్డు గుంజకి ఒక బెత్తెడు దూరం వదిలి, బూజుకర్రనీ నురగ బకెట్టునీ తప్పించి, గుండ్రంగా తిరిగి గేటు వైపు ముక్కు పెట్టి ఆగింది. రోజూ నడిపేవాళ్లు కూడా ఒక్క తిప్పులో అంత చక్కగా తిప్పరు. బావ గుడ్లప్పగించి చూస్తున్నాడు.

జిగురు కారు దగ్గరికి నడిచింది. ఎక్కడ నేర్చుకున్నారని అడిగింది.

"పోలీసు స్టేషను ఎదురుగా డ్రైవింగ్ స్కూలు ఉంది కదమ్మా. వీడు క్లినిక్కుకి వెళ్లాక మధ్యాహ్నాలు వెళ్లేదాన్ని. మీ బావ ఎన్నోసార్లు నాకు దారిచ్చాడు, తలకాయ ఎత్తి చూడలేదు." ఆవిడ ఇన్‌స్పెక్టరు వైపు కాకుండా నేరుగా ముందుకే చూస్తోంది. "గురువారం గురువారం బూజు దులిపి, ఇంజను పెట్టి, షెడ్డులోనే ముందుకీ వెనక్కీ ఆడించేదాన్ని. రోడ్డు మీదికి తీసుకెళ్లింది ఆ ఒక్క బుధవారమే. ఆయన పడ్డప్పుడు ఆగి దిగాల్సింది. దిగలేదు. ఆ మాట కోర్టులోనే చెప్తాను. నువ్వు ఎక్కు."

జిగురు మాస్కు కోసం జేబు తడుముకుని, వద్దనుకుని చెయ్యి వెనక్కి తీసుకుంది. ఎడమ తలుపు తీసి ఆవిడ పక్కన కూర్చుంది. సీటులోంచి తడి ఆమె బట్టల్లోకి పాకింది. కోర్టు మొదలవడానికి ఇంకా సమయం ఉంది.

అక్కయ్యగారు గేటుకి అడ్డంగా ఉన్న జీపుని చూసి మళ్లీ హారన్ కొట్టింది. ఇన్‌స్పెక్టరు జీపు తాళంచెవి కోసం జేబులన్నీ వెతుక్కోవడం మొదలుపెట్టాడు.